పద్దుల నడుమ సందులు

దేశమంతయు మహమ్మారికి వెరచి తలుపులు మూసికొని యున్న 2020 ఏప్రిల్ 1వ తేదీన, 1923లో మచిలీపట్టణమున డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో కూడ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. ఆనాడు తెలుగువారిలో అనేకులు విచారించినది పేరు పోయెనే యని. పేరు పోవుట సులభముగ జరిగిపోయిన పని. గెజిట్టు ప్రకటన చట్టరీత్యా ఆ కార్యమును ముగించినది. వీధిలోని బోర్డులను మార్చుటకు రంగును, నిచ్చెనయు చాలినవి. పుస్తకములు మాత్రము కలియలేదు. ఆంధ్రా బ్యాంకు లెక్కలు ఆంధ్రా బ్యాంకు యంత్రములలోను, కార్పొరేషన్ బ్యాంకు లెక్కలు దాని యంత్రములలోను, యూనియన్ బ్యాంకు లెక్కలు దాని యంత్రములలోను విలీనమునకు పూర్వమెట్లుండెనో అట్లే యుండి, పిమ్మట నెలల తరబడి విడతలు విడతలుగా ఒక్కచోటికి చేర్పబడినవి. ఆంధ్రా బ్యాంకు శాఖలను సూచించు పదునొకండు అక్షరముల పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడులు విలీనమైన సంవత్సరమునకు గాని, అనగా 2021 ఏప్రిల్ 1 నాటికి గాని రద్దు కాలేదు.

ఇందొక విశేషము కలదు. ఆ మూడు బ్యాంకులును ఇన్ఫోసిస్ వారి ఫినకిల్ అను ఒకే సాఫ్టువేరును వాడుచుండెడివి. 2019 ఆగస్టు 30న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు ఈ విలీనములను ప్రకటించినప్పుడు, ఈ మూటిని ఒకటిగా కూర్చుటకు అనుకూలమైన సంగతులలో దానిని కూడ చెప్పిరి. సాఫ్టువేరు ఒకటియైనప్పుడు కలుపుటకు కష్టమేమని సామాన్య పాఠకునకు తోచుట సహజము. కాని ఖాతాదారులకు ఇచ్చు అంతర్గత సంఖ్యలను ప్రతి బ్యాంకును తన ఇష్టానుసారము ఒకటి నుండి మొదలుపెట్టి ఇచ్చుకొనుచు వచ్చినది గనుక, ఒక బ్యాంకులో ఒక రైతును సూచించు సంఖ్యయే మరియొక బ్యాంకులో ఒక ఉపాధ్యాయుని సూచించుచుండవచ్చును. ఒకరు మూడేండ్ల డిపాజిట్టుకు పెట్టిన పథకపు గుర్తు వేరొకచోట బంగారముపై అప్పునకు గుర్తు కావచ్చును. వడ్డీలోని పైసలను ఒకరు త్రైమాసికాంతమున సవరింతురు, ఒకరు నెలనెలా సవరింతురు. నామినీ పేరు ఒకచోట కంప్యూటరులోనే యుండును, వేరొకచోట బీరువాలోని దరఖాస్తు కాగితముమీదనే నిలిచియుండును. సంతకపు చిత్తరువులు, లాకరు తాళపుచెవుల వివరములు, నెలనెలా కంతు మినహాయించుకొనుటకు ఖాతాదారుడిచ్చిన శాశ్వతాదేశములు, కోర్టు ఉత్తర్వు వలన నిలుపుచేసిన సొమ్ములు - ఇవన్నియు లెక్కకు వచ్చునవియే. సాఫ్టువేరు కేవలము గడులు గీసిన కాగితము వంటిది. ఏ గడిలో ఏమి వ్రాయవలెనో నిర్ణయించిన చేతులు వేరువేరు.

విలీనములు కాని బ్యాంకులలో ఈ బాధ లేదనుకొనరాదు. ఒక్క బ్యాంకు లోపలనే సమాచారము అనేక ద్వీపములుగా చెదరియుండుట లోకమంతటను కన్పట్టుచున్న స్థితి. ఈ చెదరుటకు ఎవరినో నిందించి ప్రయోజనము లేదు. అది కాలక్రమమున పేరుకొన్నది. 1980ల నాటి వరకు ఒక్కొక్క శాఖ ఒక్కొక్క స్వతంత్ర రాజ్యము. నిలువెత్తు లెడ్జర్లు, డే బుక్కులు, ఇత్తడి టోకెన్లు, సాయంకాలము పద్దులు సరిపోవు వరకు ఇంటి మొగము చూడని గుమాస్తాలు - ఇవియే బ్యాంకు. ఒక శాఖ మరియొక శాఖ పేర వ్రాసిన పద్దు టపాలో ప్రయాణము చేసి, ఒక్కొకప్పుడు దారిలో తప్పిపోయి, నెలల పర్యంతము ఇరువైపుల లెక్క కుదరక నిలిచిపోయెడిది. 1983లో యాజమాన్యములకును ఉద్యోగ సంఘములకును కుదిరిన ఒడంబడికయు, ఆ మరుసటి సంవత్సరము సి. రంగరాజన్ గారి అధ్యక్షతన వెలువడిన కమిటీ నివేదికయు కంప్యూటరునకు ద్వారము తెరచినవి. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా మనకు సుపరిచితులైన రంగరాజన్ గారే వారు. ఉద్యోగములు పోవునను భయము అప్పటి సంఘములకుండెను గనుక, యంత్రములు మెల్లమెల్లగా, శాఖకొకటి, పనికొకటి చొప్పున ప్రవేశించినవి. ఒకటి లెడ్జరు పద్దులు వేసెడిది, ఒకటి జీతములు లెక్కించెడిది. కాగితపు ద్వీపములు పోయి విద్యుత్ ద్వీపములు వచ్చినవి.

ఈ శతాబ్దపు తొలి దశకమున కోర్ బ్యాంకింగ్ వచ్చి ఖాతాల పుస్తకమును ఒక కేంద్రమునకు చేర్చినది. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులో రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఐడీఆర్‌బీటీ సంస్థ, 1999లో ఇన్ఫినెట్ అను బ్యాంకుల ప్రత్యేక జాలమును, 2004లో ఒక బ్యాంకు కార్డుతో మరియొక బ్యాంకు ఏటీఎంలో సొమ్ము తీయుటకు తోడ్పడు జాతీయ స్విచ్చిని నడిపించినది. ఇంతటితో అంతయు ఒక్కటియైనదని జనులు తలచిరి. కాని కోర్ బ్యాంకింగునకు చుట్టును కొత్త ద్వీపములు వెలసినవి. క్రెడిట్ కార్డుల శాఖ తన యంత్రమును తాను కొనుక్కొన్నది. గృహఋణముల శాఖ, ట్రెజరీ, డీమ్యాట్ ఖాతాలు, మొబైల్ యాప్, విదేశ వ్యాపార విభాగము తమ తమవి తాము తెచ్చుకొన్నవి. ఎవరి అవసరము వారికి తొందర. రెండు యంత్రముల నడుమ సమాచారమును అందించువాడు, చాలచోట్ల, ఒకదానిలో చూచి మరియొకదానిలో టైపు చేయు ఒక ఉద్యోగి మాత్రమే.

ఆ ఉద్యోగి మరచినను, మరువదలచినను ఏమి కాగలదో 2018లో దేశమునకు తెలిసివచ్చినది. ముంబైలోని బ్రాడీ హౌస్ అను భవనమున పంజాబ్ నేషనల్ బ్యాంకు శాఖ యొకటి యుండెను. విదేశములనుండి సరకు దిగుమతి చేసికొను వ్యాపారికి అక్కడి భారతీయ బ్యాంకు శాఖ స్వల్పకాలపు అప్పు ఇచ్చుటకుగాను, ఇక్కడి బ్యాంకు తాను పూచీ పడుచు పంపు హామీపత్రమును ‘లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్’ అనెడివారు. ఆ హామీ కాగితముమీద పోయెడిది కాదు. స్విఫ్టు అను అంతర్జాతీయ సందేశ యంత్రము ద్వారా పోయెడిది. సందేశము స్విఫ్టులో పోయిన క్షణముననే బ్యాంకు మీద బాధ్యత పడెడిది. ఆ బాధ్యత బ్యాంకు పుస్తకములో కనిపించుటకు మాత్రము కోర్ బ్యాంకింగులో వేరుగా పద్దు వేయవలసియుండెడిది. ఆ శాఖలో ఈ రెండు యంత్రములును ఒకదానినొకటి ఎరుగకుండెడివి. బ్యాంకు చేసిన ఫిర్యాదు ప్రకారము, వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ సంస్థలకును, వారి బంధువర్గపు సంస్థలకును సంవత్సరముల తరబడి స్విఫ్టులో హామీలు వెళ్లినవి, కోర్ బ్యాంకింగులో పద్దులు పడలేదు. ఒక హామీ గడువు తీరునప్పటికి మరియొక హామీతో తెచ్చిన సొమ్ముతో దానిని తీర్చుచు వచ్చిరి.

బయటపడిన విధము మరింత గమనింపదగినది. 2018 జనవరిలో ఆ సంస్థలు కొత్త హామీల కొరకు రాగా, శాఖకు కొత్తగా వచ్చిన ఉద్యోగులు నియమానుసారము నూటికి నూరు వంతులు సొమ్ము ముందుగా జమకట్టుమని యడిగిరి. ‘ఇంతకుముందు ఎన్నడును కట్టలేదు’ అని సమాధానము వచ్చెను. ఇంతకుముందు అనునది ఎక్కడ నున్నదా యని శాఖవారు తమ పుస్తకమును వెదకిరి, ఏమియు లేదు. చిట్టాకెక్కని పద్దు ఆవర్జాలో ఉండుట అసంభవము గదా. ఫిబ్రవరి 14న బ్యాంకు స్టాకు ఎక్స్ఛేంజీలకు తెలియజేసిన మొత్తము సుమారు 11,400 కోట్ల రూపాయలు. తరువాత అది ఇంకను పెరిగినది. ఆడిటర్లు, తనిఖీదారులు ఇన్నాళ్లు చూచినది కోర్ బ్యాంకింగు పుస్తకమునే, ఆ పుస్తకము నిర్దుష్టముగా సరిపోయినది. సరిపోయిన పుస్తకమే మోసమును దాచినది.

స్విఫ్టు దుర్వినియోగము కావచ్చునని 2016 ఆగస్టు మొదలు మూడుమార్లు బ్యాంకులను హెచ్చరించియుంటిమని రిజర్వు బ్యాంకు అప్పుడు ప్రకటించినది. 2018 ఏప్రిల్ 30 లోగా స్విఫ్టును కోర్ బ్యాంకింగుతో ముడిపెట్టవలెనని గడువు విధించినది. గడువు దాటిన మరుసటి సంవత్సరము, స్విఫ్టు ఆదేశములను సక్రమముగా పాటింపని 36 బ్యాంకులకు మొత్తము 71 కోట్ల రూపాయల జరిమానా పడినది. అంతటి దుర్ఘటన పిమ్మటను ముప్పదియారు బ్యాంకులు వెనుకబడుటకు కారణము నిర్లక్ష్యమొక్కటే యని నేననుకొనను. పాత యంత్రములను ముడిపెట్టుట ఆజ్ఞాపించినంత సులభము కాదు. ఏండ్ల క్రిందట ఎవరో వ్రాసిన ప్రోగ్రాము ఏ మూలలో ఏమి చేయుచున్నదో తెలిసిన మనుష్యులు పదవీవిరమణ చేసి యుందురు.

ఇది మనదేశపు జాడ్యము మాత్రమే కాదు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు, దాదాపు మూడు వేల సంస్థలుగా విస్తరించియున్న ఆ కుటుంబము ఎవరికి ఎంత బాకీయో ఇతర బ్యాంకులు వెంటనే తేల్చుకొనలేకపోయినవి. తమ తమ శాఖలన్నిటి పద్దులు కూడి ‘లేమన్ నుండి మనకు రావలసినది ఇంత’ యని చెప్పుటకే వారికి రోజులు పట్టినవి. ఆ అనుభవము ఫలితముగా స్విట్జర్లాండులోని బాసెల్ కమిటీ 2013 జనవరిలో పదునాలుగు సూత్రములను ప్రకటించినది. ఆపత్కాలమున బ్యాంకు తన నష్టభయమును త్వరితముగను, తప్పు లేకుండను కూడి చెప్పగలుగవలెనన్నదే వాని సారాంశము.

ఇంతవరకు చెప్పినది కోట్లకు సంబంధించిన గాథ. నా దృష్టిలో అంతకంటె కఠినమైన సమస్య వేరొకటి యున్నది, అది చిన్న ఖాతాలలో, పేర్లలో నున్నది. రెండు యంత్రములను తీగతో కలుపవచ్చును. రెండు పద్దులలోని ఇద్దరు మనుష్యులు ఒక్కరేనా యని తీగ చెప్పజాలదు.

విజయలక్ష్మి యను ఒక స్త్రీని ఊహింతము. ఆమెకు పుట్టినింటి ఊరిలో తండ్రి తెరపించిన పొదుపు ఖాతా కలదు; అందు పుట్టినింటివారి ఇంటిపేరు తొలి అక్షరముగా, పేరునకు ముందు వ్రాయబడినది. అత్తవారి ఊరిలో డ్వాక్రా సంఘపు పుస్తకములో మెట్టినింటి ఇంటిపేరు. పట్టణమునకు వచ్చి బంగారము తాకట్టుపెట్టినప్పుడు, ఆధార్ కార్డులో నున్నట్లు ఇంటిపేరు పూర్తిగా, పేరునకు వెనుక. లక్ష్మిలోని క్షకారమును ఒక గుమాస్తా ఇంగ్లీషులో కె-ఎస్-హెచ్ అని వ్రాసెను, మరియొకడు ఒక్క ఎక్స్‌తో సరిపెట్టెను. బ్యాంకుల దరఖాస్తులలో మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అను మూడు గడులు పరదేశపు అలవాటుననుసరించి గీయబడినవి. తెలుగువాని ఇంటిపేరు ఏ గడిలో పడునో ఆ పూట కౌంటరులో కూర్చున్నవాని విజ్ఞతను బట్టి యుండును. పుట్టిన తేదీతో తేల్చుకొందమన్నను, తేదీ తెలియక సంవత్సరము మాత్రమే చెప్పినవారికి యంత్రము తనంతట తాను జనవరి 1 వేసికొనుట కద్దు. బ్యాంకు పుస్తకముల ప్రకారము మన పల్లెలలో సగము మంది వృద్ధులు నూతన సంవత్సర దినముననే జన్మించినట్లు తోచును.

ఇట్టి పేర్లను పోల్చుటకు పండితులు ఉపాయములు కనిపెట్టకపోలేదు. అమెరికాలో 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ అను పద్ధతి ఒకటి. పేరులోని మొదటి అక్షరమును ఉంచి, అచ్చులను వదలి, తరువాతి హల్లులను ఉచ్చారణను బట్టి అంకెలుగా మార్చి, మూడంకెలు రాగానే ఆపివేయుట దాని పని. దీనిని మన పేర్లమీద ప్రయోగించి చూచినచో వినోదముగా నుండును. లక్ష్మిని ఎక్స్‌తో వ్రాసినను, కె-ఎస్-హెచ్‌తో వ్రాసినను ఎల్-250 అనియే వచ్చును. సత్యనారాయణలో తకారమునకు హెచ్ చేర్చినను, చేర్చకున్నను ఎస్-356 అనియే వచ్చును. బాగు బాగు అనుకొనునంతలో, వెంకటరావు, వెంకటరమణ, వెంకటేశ్వర్లు, వెంకటలక్ష్మి - అందరును వి-523 యైపోవుదురు! వెంకట అనునప్పటికే మూడంకెలును నిండిపోయినవి. ఆ పిమ్మట పురుషుడున్నాడో స్త్రీ యున్నదో ఆ పద్ధతికి తెలియదు. తిరుమల కొండ నీడలో నివసించు జాతికి అట్టి సాధనము ఎంతవరకు ఉపకరించునో చెప్పనక్కరలేదు. మరియొక ప్రక్క, ఈశ్వరమ్మను ఒకరు ఇంగ్లీషు ఇ అక్షరముతోను, ఒకరు ఐ అక్షరముతోను వ్రాసినచో మొదటి అక్షరమే మారిపోయినందున ఆమె ఇద్దరగుచున్నది. తరువాత 1965లో సోవియట్ గణితజ్ఞుడు లెవెన్‌ష్టైన్ చూపిన పద్ధతి, ఒక పేరును మరియొక పేరుగా మార్చుటకు ఎన్ని అక్షరములు దిద్దవలెనో లెక్కించును. ఈ కాలపు సాఫ్టువేర్లు ఇట్టివి పెక్కింటిని కలిపి, ఫోను నంబరు, చిరునామా, పాన్ సంఖ్య కూడ జోడించి, ‘వీరిద్దరు ఒక్కరగుట ఇంత సంభావ్యము’ అని మార్కులు వేయును. ఎన్ని మార్కులు వచ్చిన ఒక్కరని నిశ్చయింపవలెనన్నది మాత్రము మనిషియే నిర్ణయించవలెను.

ఆ నిర్ణయములో రెండు విధముల పొరపాట్లకు అవకాశము కలదు, అవి సమానములు కావు. ఒక్క మనిషిని ఇద్దరుగా విడిచిపెట్టినచో బ్యాంకునకు నష్టము. ఒకచోట బాకీ ఎగవేసినవాడు మరియొకచోట కొత్త అప్పు పొందవచ్చును. ఇద్దరిని ఒక్కరుగా కలిపినచో, పొరుగూరి వెంకటేశ్వర్లు ఎగవేసిన బాకీ ఈ ఊరి వెంకటేశ్వర్లు నెత్తిన పడును. వాని కుమార్తె చదువునకు అప్పు నిరాకరింపబడిన నాడు గాని వానికి సంగతి తెలియదు, తెలిసిన పిమ్మట దిద్దించుకొనుటకు తిరుగవలసినవాడు వాడే. మొదటి పొరపాటునకు బ్యాంకులో అడుగువారుందురు. రెండవ దానికి అడుగు దిక్కు ఖాతాదారుడొక్కడే. అందువలన అనుమానమున్నచోట కలుపకుండుటయే న్యాయమని నా యభిప్రాయము.

ప్రతి ఖాతాదారునకు బ్యాంకంతటను చెల్లు ఒకే గుర్తింపు సంఖ్య ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది. 2016 నుండి అన్ని సంస్థలకు ఉమ్మడిగా కేవైసీ (ఖాతాదారుని గుర్తింపు) పత్రముల కేంద్ర రిజిస్ట్రీ పదునాలుగు అంకెల సంఖ్య ఇచ్చుచున్నది. ఇవి యుండగా ఈ కలయిక అంత యవసరమా యని యడుగవచ్చును. అవసరమే, దానికి కారణము మన బ్యాంకింగు నియమములోనే యున్నది. మొండిబాకీని అప్పును బట్టి గాక, అప్పు తీసికొన్న మనిషిని బట్టి నిర్ణయింతురు. ఒకనికి నాలుగు అప్పులుండి, అందొకదాని కంతు తొంబది దినములకు మించి చెల్లనిచో, సక్రమముగా చెల్లుచున్న తక్కిన మూడును మొండిబాకీల క్రిందకే పోవును. ఆ నాలుగును ఒకే మనిషివని యంత్రమునకు తెలియనిచో ఆ బ్యాంకు ప్రకటించు మొండిబాకీల లెక్కయే అబద్ధమగును. పైగా పంటఋణమునకు ఈ తొంబది దినముల నియమము వర్తింపదు. స్వల్పకాలపు పైరైనచో రెండు పంటకాలములు, దీర్ఘకాలపు పైరైనచో ఒక పంటకాలము దాటవలెను. కావున యంత్రమునకు మనిషి తెలిసిన చాలదు, ఆతడు వరి వేసెనో, చెరకు వేసెనో కూడ తెలియవలెను. ఈ వర్గీకరణమును చేతితో గాక పూర్తిగా యంత్రము ద్వారానే చేయవలెనని 2020 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించి, 2021 జూన్ 30 వరకు గడువిచ్చినది. అంతకుముందు మార్చి నెలాఖరున ఒక్కొక్క మేనేజరు పట్టికలను ముందు పెట్టుకొని, ఏ బాకీని ఏ వర్గములో వేయవలెనా యని తర్జనభర్జన పడుటయు, ఆ తర్జనభర్జనలో కొంత దాక్షిణ్యమునకు చోటుండుటయు బ్యాంకువారెరిగినదే.

తెలుగు రాష్ట్రములలో ఈ సమస్య వీధికెక్కినది రైతు రుణమాఫీ సందర్భమున. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో కుటుంబమునకు లక్షన్నర రూపాయల పరిమితి విధించిరి. తెలంగాణలో 2024లో, 2018 డిసెంబరు 12కును 2023 డిసెంబరు 9కిని మధ్య తీసికొన్న పంటఋణములకు కుటుంబమునకు రెండు లక్షల పరిమితి. బ్యాంకు పుస్తకములో కుటుంబమను గడియే లేదు. తండ్రికి సహకార సంఘములో, కొడుకునకు గ్రామీణ బ్యాంకులో, కోడలికి పట్టణపు వాణిజ్య బ్యాంకులో అప్పులున్నచో, ఆ ముగ్గురిని ఒక కప్పు క్రిందికి తెచ్చుటకు తెలంగాణలో రేషను కార్డును ఆధారముగ గొనవలసివచ్చెను. రేషను కార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు, పట్టాదారు పాసుపుస్తకములోని పేరు, బ్యాంకులోని పేరు - నాలుగింటిలో నొకటి తేడా పడిన రైతు వ్యవసాయాధికారి కచేరీ ముందు వరుసలో నిలిచెను. పత్రికలు దానిని రాజకీయముగ చర్చించినవి. అందులో సగము రాజకీయమైనచో, తక్కిన సగము పైన చెప్పిన క్షకారపు గొడవయే.

ఇక కలిపివేయుటలోని ప్రమాదము సంగతి. బ్రిటనులో టీఎస్‌బీ యను బ్యాంకు తన పూర్వపు యజమానియైన లాయిడ్స్ యంత్రములనుండి, అప్పటి కొత్త యజమానియైన స్పెయిన్ దేశపు సబడెల్ సంస్థ యంత్రములకు యాభై లక్షలకు పైబడిన ఖాతాదారుల లెక్కలను 2018 ఏప్రిల్ 20 నుండి 22 వరకు గల ఒక్క వారాంతములో మార్చినది. లెక్కలు క్షేమముగానే చేరినవి. ఆ లెక్కలను నడుపవలసిన యంత్రములు మాత్రము కూలబడినవి. సుమారు పందొమ్మిది లక్షలమంది తమ ఖాతాలలోనికి పోలేకపోయిరి. కొందరికి తమ ఖాతాకు బదులు పరుల ఖాతాలు దర్శనమిచ్చినవి. ఆ సెప్టెంబరులో ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వీడెను. స్థితి పూర్తిగా చక్కబడునప్పటికి డిసెంబరు వచ్చినది. 2022లో అక్కడి నియంత్రకులు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించిరి. అన్నిటిని ఒకేమారు దాటించవలెనను ఆత్రుత దానికి ముఖ్యకారణములలో నొకటి. మన యూనియన్ బ్యాంకు విడతల పద్ధతి ఖాతాదారునకు విసుగు కలిగించినను, దానిలో వివేకమున్నది.

అట్టి మార్పిడి జరుగు క్రమమును బ్యాంకు గుమాస్తాలు ‘మైగ్రేషన్’ అందురు. ఆ మాట చెవిని పడినంతనే సెలవులు రద్దగునని వారికి తెలియును. మొదట పాత యంత్రమునుండి లెక్కలను పెరికి తీసి, చనిపోయినవారి ఖాతాలు, పిన్ కోడు లేని చిరునామాలు, పది అంకెలు నిండని ఫోను నంబర్లు ఏరి, శాఖలకు పట్టికలు పంపుదురు. శాఖవారు బీరువాలు తెరచి పాత దరఖాస్తులు వెదకుదురు. ఈ దశ నీరసమైనది, దీనికి పేరు రాదు. కార్యము ఫలించుట ఫలింపకపోవుట మాత్రము చాలవరకు ఇక్కడనే తేలిపోవును. తరువాత పాత గడికి కొత్త గడికి పొంతన కుదిర్చి, ఉత్తుత్తి మార్పిళ్లు పలుమార్లు నడిపి, అసలు దినమున రాత్రి లావాదేవీలు ఆపి, మొత్తము జమలు, మొత్తము ఖర్చులు ఇరువైపుల సరిచూతురు. సరిపోని సొమ్మును తాత్కాలికముగా సస్పెన్స్ ఖాతాలో వేయుదురు. ఆ ఖాతా ఎన్నాళ్లకు నిల్లగునో చూచిన, ఆ బ్యాంకు దక్షత ఎంతటిదో బయటివారు కూడ ఊహింపవచ్చును.

మరియొక మార్గము, యంత్రములను కదపక, అన్నిటినుండి ప్రతి రాత్రి సమాచారమును ఒక ఉమ్మడి భాండాగారమునకు తెచ్చుకొనుట. రిజర్వు బ్యాంకునకు పంపు నివేదికలు మనిషి చేయి తగులకుండ మూలమునుండియే ప్రవహింపవలెనని 2010లో ప్రకటించిన విధానపత్రము ఈ మార్గమును ప్రోత్సహించినది. ఐదు కోట్లు, అంతకు మించిన ఋణముల వివరములను 2014 నుండి అన్ని బ్యాంకులును ఒకే కేంద్రమునకు పంపుచున్నందున, ఒక పెద్ద వ్యాపారి ఒకచోట వాయిదా తప్పినచో తక్కిన బ్యాంకులకు తెలియుచున్నది. ఇది మేలైన పని. ఐతే పెద్దల అప్పుల విషయమున కలిగిన ఈ శ్రద్ధ చిన్నవారి నిల్వల విషయమున కలుగుటకు మరి తొమ్మిదేండ్లు పట్టినది. పదేండ్లు ఎవరును అడుగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి పోవును. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వరంగ బ్యాంకులు అట్లు జమకట్టినవి సుమారు 35 వేల కోట్ల రూపాయలు. తండ్రి ఏ బ్యాంకులో దాచెనో తెలియని కొడుకు, ఒక్కొక్క బ్యాంకు గడప యెక్కి దిగక, ఒకేచోట వెదకుకొనుటకు ‘ఉద్గమ్’ అను పోర్టలు ఆ సంవత్సరము ఆగస్టులో గాని రాలేదు. అందును వెదకుటకు పేరు తప్పదు. తండ్రి పేరును నలుబదియేండ్ల క్రిందటి గుమాస్తా ఎట్లు వ్రాసెనో కొడుకు ఊహించవలెను.

ఇప్పుడు మన కన్నులయెదుట మరియొక కలయిక జరిగినది. ఒక రాష్ట్రమునకు ఒక గ్రామీణ బ్యాంకు అను విధానమున, 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్రప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకులు నాలుగును ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. వికాస బ్యాంకు తెలంగాణ శాఖలు అంతకు నాలుగు నెలల ముందే తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. విలీనమునకు పూర్వము ఆంధ్రప్రదేశ్‌లోని ఆ నాల్గింటికిని పోషక బ్యాంకులు వేరువేరు: యూనియన్, కెనరా, ఇండియన్, స్టేటు బ్యాంకులు. ఖాతాలలో అధికభాగము రైతులవి, డ్వాక్రా సంఘములవి, పింఛనుదారులవి. వీరికి వచ్చు ప్రభుత్వపు సొమ్ము చాలవరకు ఖాతా సంఖ్యను బట్టి గాక, ఆధార్‌ను బట్టి పోవుచున్నది. ఒక ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకు జతపడినదో ఆ ఒక్క బ్యాంకునే చెల్లింపుల సంస్థయైన ఎన్‌పీసీఐ పట్టిక గుర్తుంచుకొనును. రెండు పూర్వపు బ్యాంకులలో ఖాతాలున్న అవ్వ తన గ్యాసు రాయితీ తనకు తెలియని ఖాతాలో పడుచున్నదని గ్రహించుటకు ఎన్ని నెలలు పట్టునో చెప్పలేము.

ఇట్టిచోట బ్యాంకువారు చేయదగిన పని యొకటి యున్నదని నాకు తోచుచున్నది, దానికి కొత్త యంత్రమక్కరలేదు. ఖాతాలను ఒక పేరున కట్టగట్టుటకు పూర్వమే, ‘ఇవన్నియు మీవేనా?’ యని ఆ ఖాతాల జాబితాను, బాకీలను, నిల్వలను, నామినీ పేర్లను, ఆధార్ ఏ ఖాతాకు జతపడియున్నదో దానిని కూడ తెలుగులో అచ్చువేసి, ఖాతాదారుని చేతికిచ్చి, కానిదానిని కొట్టివేయించి, సంతకమో వేలిముద్రయో వేయించుకొనవచ్చును. ఊరూర బ్యాంకు మిత్రలున్నారు, డ్వాక్రా సంఘముల సమావేశములు నెలనెలా జరుగుచునే యున్నవి. మార్కులు వేయు సాఫ్టువేరు కోట్ల వ్యయముతో తేల్చజాలని విజయలక్ష్మిల సంగతిని విజయలక్ష్మియే అర నిమిషములో తేల్చిపెట్టును. ఆమెను అడుగు అంశమును మైగ్రేషన్ పట్టికలో ఒక వరుసగా చేర్చుటయే కావలసినది.